నక్షత్రానికి పిట్టగోడ

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, మత్తయి 2:1–12



ఈ నెల పత్రిక మీ చేతికి అందే వేళకు మీ ఇండ్లలో వెదురు బద్దలు చీల్చుట, మైదాపిండి బంక ఉడికించుట, రంగు కాగితములు కత్తిరించుట మొదలై యుండును. ఒక ప్రక్క వరి కోతలు, మరొక ప్రక్క క్రిస్మసు పనులు. ఇంటి పెద్దకు ఊపిరి సలపని దినములివి. ఆ సందడిలోనే పిల్లలు వచ్చి అడిగే ప్రశ్న ఒకటున్నది. "నాన్నా, ఈసారి మన నక్షత్రం తిరిగేటట్టు చేద్దామా?"

మన పెద్దల కాలములో నక్షత్రము లోపల లాంతరు పెట్టేవారు. తరువాత బల్బు వచ్చినది. ఇప్పుడు మోటారు వచ్చినది. పట్టణములలో తిరిగే నక్షత్రములు, పశువుల పాక చుట్టూ కదలే ఒంటెలు, చేయి ఊపే క్రిస్మసు తాతలు మన పిల్లలు చూచి వచ్చుచున్నారు. బజారులో కొన్నదానిని విప్పి, దాని మోటారు తీసి మరొకదానికి బిగించుట, ఇంటి లోపల పెట్టుటకు చేసిన బొమ్మను డాబా మీదికి ఎక్కించుట, ఇవన్నియు మన యౌవనస్థులకు ఇష్టమైన పనులు. ఇది తప్పా అని కొందరు తలిదండ్రులు మమ్మును అడిగారు. తప్పు కాదు. చేతులతో పని నేర్చుకొను పిల్లవాడు వీధిలో తిరుగు పిల్లవానికంటె మేలు. అయితే మా ఇంటిలో జరిగిన ఒక సంగతిని మీకు చెప్పక ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఇయ్యలేము. దీనిని సాక్ష్యముగా కాదు, ఒప్పుకోలుగా వ్రాయుచున్నాము.

మా నక్షత్రము

అది 2018వ సంవత్సరము. అప్పుడు మేము కృష్ణా జిల్లాలోని ఒక గ్రామ సంఘములో సేవ చేయుచుంటిమి. మా అబ్బాయి పదవ తరగతి. పట్టణములో ఒక దేవాలయము మీద తిరుగుచున్న నక్షత్రమును చూచి వచ్చిన దినము మొదలు వాడికి అన్నము దగ్గర కూడ అదే మాట. మన సంఘములో కరెంటు పని తెలిసిన యౌవనస్థుడు ఒకడున్నాడు. ఇద్దరును కలసి పని మొదలుపెట్టారు.

మొదట పాత టేబులు ఫ్యాను మోటారు బిగించారు. అది నిమిషమునకు వెయ్యి చుట్లకు పైగా తిరుగునది. వేగము తగ్గించి చూచినను నిలువలేదు. నక్షత్రము గిర్రున తిరిగి, కాగితము చినిగి, ఒక కొమ్ము ఊడి కొబ్బరిచెట్టు మొదట పడినది. అందరము నవ్వుకొన్నాము. తరువాత గాలి కూలరులో రేకులను అటు ఇటు ఆడించే చిన్న మోటారు తెచ్చారు. అరచేతిలో ఇమిడే డబ్బా అది. ఇంటి కరెంటు 230 వోల్టులతోనే నడచును గాని నిమిషమునకు అయిదారు చుట్లకు మించదు. ఈసారి నక్షత్రము నిదానముగా, చూడ ముచ్చటగా తిరిగినది.

ఒక్క చిక్కు మిగిలినది. బల్బు నక్షత్రము లోపల ఉన్నది. నక్షత్రముతో పాటు బల్బు తిరుగును, బల్బుతో పాటు వైరు పురి ఎక్కును. ఆ యౌవనస్థుడు నవ్వి, "భయం లేదు అయ్యగారూ, ఈ మోటారుకు అడ్డం తగిలితే దానంతటదే వెనక్కి తిరుగుతుంది. వైరు బిగిసిందంటే మళ్ళీ అదే విప్పుకుంటుంది" అన్నాడు. అతడు చెప్పినది నిజమే, ఆ మోటారు స్వభావము అట్టిదే. కొన్ని చుట్లు ఇటు, కొన్ని చుట్లు అటు. చూచువారికి అది మరింత వింతగా ఉండెను.

ఆ డిసెంబరు 17న పెథాయ్ తుపాను తూర్పు గోదావరి తీరమును తాకినది. మా ఊరిలోను వాన పడినది. వాన వెలిసిన తరువాత, 20వ తేదీ గురువారము నక్షత్రమును డాబా మీదికి ఎక్కించాము. పిట్టగోడకు ఎప్పటినుండియో బిగించియున్న ఇనుప గొట్టమే దానికి స్తంభము. చీకటి పడిన తరువాత మేము బస్సు రోడ్డు దాకా నడచి వెళ్ళి, అక్కడనుండి కనబడుచున్నదా లేదా అని చూచుకొన్నాము. కనబడినది. బస్సు దిగినవారు నిలువబడి "అదిగో, అయ్యగారి నక్షత్రం" అనుకొనుట విన్నాము. "క్రీస్తు నక్షత్రం" అనలేదు, "అయ్యగారి నక్షత్రం" అన్నారు. ఆ మాట మాకు తప్పుగా తోచవలసినది. తోచలేదు, తియ్యగా ఉండెను. పడుకొనేముందు ఆపివేయుదమని మా సహధర్మచారిణి చెప్పినను, తెల్లవార్లు వెలుగనిమ్మన్నాము.

23వ తేదీ ఆదివారము సాయంకాలము మా అబ్బాయి వచ్చి, "నాన్నా, గొట్టం అంచు దగ్గర వైరు రాసుకుంటోంది. పైతొక్క అరిగిపోయినట్టుంది" అన్నాడు. మేము డాబా ఎక్కి చూచాము. మా కన్నులతోనే చూచాము. అయితే మరునాడు రాత్రి ఆరాధన, పిల్లల నాటకము, ప్రసంగపు సిద్ధపాటు. "రేపు రాత్రి ఆరాధన అయ్యాక టేపు చుట్టిద్దాంలే" అని క్రిందికి దిగివచ్చాము. నక్షత్రము తిరుగుచునే ఉన్నది.

తెల్లవారుజామున

మా డాబాకును పొరుగువారి డాబాకును మధ్య జానెడు సందు. ఆ ఇనుప గొట్టము నుండి వారి గోడకున్న మేకు వరకు ఒక ఇనుప తీగ దండెము ఉండెడిది. మేము ఆ ఊరికి రాకముందునుండియు రెండిండ్ల బట్టలు దానిమీదనే ఆరును. పొరుగువారు మన విశ్వాసులు కారు. అయినను సంక్రాంతికి వారి అరిసెలు మా ఇంటికి, క్రిస్మసుకు మా కేకు వారి ఇంటికి వెళ్ళుట మామూలు. ఆ ఇంటి పెద్దావిడను మేము పిన్నిగారూ అని పిలిచేవారము.

సోమవారము తెల్లవారుజామున మంచు దట్టముగా కురియుచున్నది. పిన్నిగారు తలస్నానము చేసి, తడి చీరను ఆరవేయుటకు వారి డాబా ఎక్కారు. చీర దండెమును తాకినది. మేము విన్నది ఒకే ఒక కేక.

మా అబ్బాయి పరుగెత్తి మెయిను ఆపివేశాడు. మేము పైకి వెళ్ళి చూచునప్పటికి ఆమె వెల్లకిలా పడియున్నారు. వారి డాబాకు పిట్టగోడ లేదు. ఆమె తల ఉన్నచోటికిని డాబా అంచుకును మధ్య దూరము ఒక మూర.

కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండుట, కరెంటు ఆమె చేతిని పట్టుకొనక విసరివేయుట దేవుని కృప. అరచేయి కాలినది. ఒక పగలు, ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండి ఆమె తిరిగి వచ్చారు.

తరువాత చూచితే సంగతి తేటతెల్లముగా కనబడినది. అరిగిన వైరు ఇనుప గొట్టమును తాకినది. గొట్టము తీగను, తీగ తడి చీరను, చీర ఆమె చేతిని తాకినది. ఒకదాని చేయి ఒకటి పట్టుకొని కరెంటు నడచివచ్చినది. "ఫ్యూజు ఎందుకు పోలేదు?" అని చాలామంది అడిగారు. ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండ కాపాడుటకు, మనిషిని కాపాడుటకు కాదు. అది పోవలెనంటే కొన్ని ఆంపియర్ల కరెంటు పారవలెను. మనిషి గుండె ఆగిపోవుటకు ఆంపియరులో పదవ వంతు చాలును. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటిలోను తెలిసియుండవలెను.

ఆ రాత్రి మేము సమాధానకర్తయగు ప్రభువును గూర్చి ప్రసంగించవలసి యుండెను. మేము సిద్ధపరచుకొన్న ప్రసంగము నోటికి రాలేదు. జరిగినది జరిగినట్లు సంఘము ఎదుట చెప్పి, ప్రార్థించి, ముగించాము.

క్రిస్మసు దినమున మధ్యాహ్నము, ఆమె ఇంటికి వచ్చిన తరువాత, క్షమాపణ అడుగుటకు వెళ్ళాము. ప్రతి సంవత్సరము తీసికొనిపోవు కేకు పళ్ళెము ఆ దినము చేతికి ఎత్తుకొనలేకపోయాము. బాబాయిగారు గుమ్మములోనే నిలువబడి, "మీ పండగ మీరు చేసుకోండి అయ్యగారూ, ఎవరు కాదన్నారు? మా మనిషి పోయుంటే మీ చుక్కను ఏం చేసుకునేవారు?" అన్నారు. ఆ మాటకు మాయొద్ద జవాబు లేదు. ఈ దినమునకును లేదు.

లోపలనుండి పిన్నిగారు కట్టుకట్టిన చేయి ఊపుచు, "పోనీండి, ప్రాణం దక్కింది. ఆ చుక్క తిరుగుతుంటే నాకూ బాగానే ఉండేది. వచ్చే ఏడు పెట్టుకోండి. నా చీర నేను ఇంకోచోట ఆరేసుకుంటాను" అన్నారు.

బాబాయిగారి కోపము కంటె ఈ మాట మమ్మును ఎక్కువగా గుచ్చినది. తప్పు మాది. తొలగిపోవుదుననినది ఆమె.

మోషే ధర్మశాస్త్రములో ఒక డాబా

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అబ్బాయి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదివాడు. వరుసగా చదువుకొనుచు వచ్చుచున్నాము గనుక ఆ దినమునకు అది వచ్చినది. ఎనిమిదవ వచనము దగ్గర వాడి గొంతు ఆగినది.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువానికి దేవుడు అక్కడ ఇచ్చిన ఆజ్ఞ చాల చిన్నది. డాబా చుట్టూ పిట్టగోడ కట్టుకో. ఎవరైనను అక్కడనుండి పడి చనిపోయిన యెడల ఆ ప్రాణమునకు నీ ఇల్లు ఉత్తరవాది. ఇదే దాని భావము. ఆ దేశములో ఇండ్ల పైకప్పులు మన డాబాలవలె చదునుగా ఉండెడివి. మనుష్యులు అక్కడ నడిచేవారు, ప్రార్థించేవారు, వస్తువులు ఆరబెట్టుకొనేవారు. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీద పరచిన జనుపకట్టె క్రిందనే (యెహోషువ 2:6). పేతురు ప్రార్థించుటకు ఎక్కినది మిద్దెమీదికే (అపొ. కార్య. 10:9). పిన్నిగారు చీర ఆరవేయుటకు ఎక్కినదియు అట్టిచోటికే.

ఆ ఆజ్ఞను మేము ఎన్నిసార్లు చదివియుందుమో! కాని మూడు సంగతులు మేము ఆ రాత్రియే చూచాము.

మొదటిది, దేవుడు డాబా వద్దనలేదు, ఎక్కవద్దనలేదు. గోడ కట్టుమన్నాడు. రెండవది, పడినవాడు ఎందుకు జాగ్రత్తగా నడువలేదు అని దేవుడు అడుగుటలేదు. ఇంటి యజమానుని అడుగుచున్నాడు. మేము ఎవరికిని కీడు తలపెట్టలేదు. కాని ఆ వచనములో ఉద్దేశమును గూర్చిన ప్రశ్నయే లేదు, గోడను గూర్చినదే ఉన్నది. మూడవది, ఎవడో ఒకడు పడిన తరువాత గోడ కట్టుమని చెప్పలేదు. ఇల్లు క్రొత్తగా ఉన్నప్పుడే, ఎవరును పడకముందే కట్టవలెను. ప్రేమ అనగా ముందుగా ఆలోచించుట.

మా డాబాకు ఇటుకల పిట్టగోడ ఉన్నది. మా నక్షత్రమునకు లేదు.

పండుగ తరువాత సంఘ పెద్దలు కూడుకొన్నప్పుడు రెండు మాటలు వచ్చినవి. ఒకరు, "ఈ ఆడంబరమే తప్పు. ఇకమీదట నక్షత్రమే వద్దు" అన్నారు. మరొకరు, "దేవుడు కాపాడాడు గదా. వచ్చే సంవత్సరము మరల పెట్టుదము" అన్నారు. ఇద్దరును భక్తిగలవారే. అయితే మొదటివారు డాబానే కూల్చుమనుచున్నారు, రెండవవారు గోడలేకుండనే మరల ఎక్కుమనుచున్నారు. ఇటుక మోయుట ఇద్దరి మాటలోను లేదు. దేవుడు కాపాడును గదా అని దూకుమన్న సలహా ఎవరు ఎవరికి ఇచ్చారో మత్తయి సువార్త 4వ అధ్యాయములో ఉన్నది. ప్రభువు ఆ సలహాను త్రోసివేశాడు. ఒకసారి పొందిన కృపను రెండవసారి నిర్లక్ష్యమునకు అనుమతిపత్రముగా వాడుకొనరాదు.

మరుసటి సంవత్సరము

2019లో వరి కోతలకు ముందే పని మొదలుపెట్టాము. ఈసారి బాబాయిగారి మనుమడును వచ్చి కూర్చున్నాడు. ఎవరును పిలువలేదు, తానే వచ్చాడు.

ముందుగా వైరు పురి గూర్చి ఆలోచించాము. ఈ చిక్కు మాకు మాత్రమే వచ్చినది కాదు. ఎడిసన్ అనే శాస్త్రజ్ఞుని సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరులో న్యూయార్కులోని తన ఇంటిలో క్రిస్మసు చెట్టుకు కరెంటు దీపములు మొట్టమొదట పెట్టాడు. ఎరుపు, తెలుపు, నీలము రంగులలో 80 బల్బులు. ఆ మొదటి చెట్టే తిరిగే చెట్టు! క్రింద దాచిన యంత్రము దానిని కరెంటుతో త్రిప్పుచుండెను. ఇట్టి చెట్టుకు అతడు రాగి పట్టీలు అమర్చి, వాటిని తాకుచు తిరుగునట్లు చేశాడు. అది గది లోపల, వానతగలని చోట, ఆ విద్య బాగుగా తెలిసినవాడు చేసినది. డాబా మీద మంచులో అట్టి పట్టీలు మనకు తగినవి కావు.

మా సహధర్మచారిణి ఆ మాటలన్నీ విని, "దీపాన్ని ఎందుకు తిప్పడం? దీపం నిలబెట్టి, గూడును తిప్పితే చాలదా?" అన్నది. అంతే! చిక్కు విడిపోయినది.

మేము చేసిన విధము ఇది. మొదట ఎండిన లావు వెదురు గుంజ నిలిపి, దానికి పైన ఒకటి క్రింద ఒకటి రెండు కర్ర చేతులు బిగించాము. పై చేతికి పాత సైకిలు ముందు చక్రపు హబ్బును నిలువుగా బిగించి, దాని ఊచల రంధ్రములకు నక్షత్రమును వ్రేలాడదీశాము. బరువంతయు హబ్బు బాల్సులే మోయును, మోటారు మీద పడదు. క్రింది చేతిమీద ఒక ప్లాస్టిక్ గొట్టము నిలబెట్టి, నక్షత్రము అడుగున విడిచిన గుండ్రని ఖాళీలోగుండ దానిని లోపలికి పోనిచ్చి, దానికి ఒక మీటరు ఎల్.ఇ.డి. పట్టీ చుట్టాము. దీపము కదలదు, దాని వైరు కదలదు. చుట్టూ ఉన్న గూడు మాత్రమే తిరుగును. ఎల్.ఇ.డి. పెద్దగా వేడెక్కదు గనుక, పాత బల్బు వేడికి కాగితము కమిలినట్లు ఇప్పుడు కమలదు.

విజయవాడలో ఇంజనీరింగు చదువు పిల్లలు కొనుక్కొనే చిన్న గేరు మోటారు ఒకటి కొన్నాము. 12 వోల్టులు, నిమిషమునకు పది చుట్లు. హబ్బులో సగము లావున్న కప్పీ దానికి తగిలించి, సైకిలు ట్యూబును కత్తిరించిన రబ్బరు పట్టీతో రెంటిని కలిపాము. అప్పుడు నక్షత్రము నిమిషమునకు అయిదు చుట్లు, అనగా పన్నెండు సెకన్లకు ఒక చుట్టు తిరిగినది. పట్టీ రబ్బరుది కావుటవలన ఒక మేలున్నది. గాలి విసరుగా కొట్టి నక్షత్రమును పట్టుకొంటే పట్టీ జారును గాని గేరు పండ్లు విరుగవు. గాలి దూరిపోవుటకు నక్షత్రపు కొమ్ములలో చిన్న చిన్న రంధ్రములు కూడ విడిచాము.

230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించు అడాప్టరును ఇంటి లోపల గోడకే ఉంచాము. డాబా మీదికి వెళ్ళునది 12 వోల్టులు మాత్రమే. వైరు ఒకవేళ తెగినను, తడిసినను, ఎవరైనను పట్టుకొన్నను, పోయేది దీపమే గాని ప్రాణము కాదు. ఆ ఇనుప గొట్టమును మొదలంట తీసివేశాము. దండెమునకు ఇనుప తీగ బదులు నైలాను త్రాడు కట్టాము. పిన్నిగారి చీర ఎక్కడ ఆరుచుండెనో అక్కడనే ఆరవలెను. తొలగవలసినది ఆమె కాదు, మా ప్రమాదము.

పని ముగిసిన దినమున మేము డాబా మీద నిలువబడి మత్తయి సువార్త 2వ అధ్యాయమును తలంచుకొన్నాము. జ్ఞానులకు ముందు నడచిన నక్షత్రము శిశువు ఉన్న చోటికి వచ్చి నిలిచిపోయినది. అది తన్నుతాను చూపించుకొనుటకు నడువలేదు, ఆయనను చూపించుటకు నడచినది. చూపిన తరువాత నిలిచినది. డిసెంబరు నెలలో మన ఇండ్లలో అందరును తిరుగుదురు. బట్టల దుకాణములకు, పాటల సాధనకు, వంటలకు తిరుగుదురు. తిరుగుట తప్పు కాదు. మధ్యలో నిలిచియున్న దీపము ఉన్నదా? అది ఉంటే తిరిగే గూడు అందముగా ఉండును. అది కూడ తిరుగ మొదలుపెట్టితే పురి ఎక్కి, అరిగి, తుదకు పొరుగువానికి షాకు కొట్టును.

ఏడు ఇటుకలు

ఈ సంవత్సరము మీ ఇంటిలో తిరిగే నక్షత్రమో, కదలే బొమ్మయో చేయుచున్నయెడల ఈ పిట్టగోడ కట్టుకొనుడి.

1. ఇంటి కరెంటు ఇంటిలోనే ఉండవలెను. బయటికి పోవునది 12 వోల్టులే కావలెను. అడాప్టరు బి.ఐ.ఎస్. గుర్తు గలదై యుండవలెను. దానిని మంచు, వాన తగలని చోట ఉంచవలెను.

2. వైరు తిరుగరాదు, రాసుకొనరాదు. ఇనుప అంచు మీదుగా వైరు పోనియ్యరాదు. అతుకులను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వైరును డబ్బాలోనికి క్రిందనుండి ఎక్కించవలెను. అప్పుడు వాన నీరు వైరు వెంట జారి లోపలికి పోక క్రిందనే బొట్టుగా రాలిపోవును.

3. దీపములున్న గుంజకు దండెము కట్టరాదు. దండెమునకు ఎప్పుడును తీగ వద్దు, త్రాడు కట్టుడి. ఇది క్రిస్మసుకు మాత్రమే కాదు, ఏడాది పొడవునను.

4. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించుడి. ఫ్యూజు చేయలేని పని అది చేయును. కరెంటు దారి తప్పి మనిషిగుండ పారిన యెడల రెప్పపాటులో ఆపివేయును. దానిమీదనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడుడి. ఎర్తు సరిగా ఉన్నదో లేదో పని తెలిసిన ఎలక్ట్రీషియను చేత చూపించుడి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడవ పిన్ను విరిచి రెండు రంధ్రములలో దూర్చువారు ఆ పిట్టగోడను తామే కూల్చుకొనుచున్నారు.

5. స్తంభపు తీగకు కొక్కెము తగిలించి కరెంటు తీయవద్దు. పండుగకే గదా అని కొన్ని ఊళ్ళలో ఇది అలవాటైనది. 2003 విద్యుత్ చట్టము 135వ సెక్షను ప్రకారము అది దొంగతనము. అంతకుముందే అది ఎనిమిదవ ఆజ్ఞను మీరుట. లోకమునకు వెలుగైన ప్రభువు పుట్టుకను దొంగిలించిన వెలుగుతో చూపలేము.

6. ఇంటి లోపల పెట్టుటకు చేసిన బొమ్మను ఆరుబయట పెట్టవద్దు. దేనిని విప్పినను ముందు ప్లగ్గు తీసి చేత పట్టుకొని విప్పుడి. డిసెంబరు అంటే పొడి నెల అనుకొనరాదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది డిసెంబరు 5నే. గాలివాన కబురు వినగానే నక్షత్రమును దించుడి. దించినంతమాత్రమున క్రిస్మసు ఆగిపోదు.

7. పడుకొనబోవునప్పుడు ఆపివేయుడి. ఇంటిలో చిన్నవాడు "ఇక్కడ ఏదో అరిగింది" అని చెప్పినప్పుడు ఆ క్షణమే ఆపి, ఆ దినమే బాగుచేయుడి. ఈ ఇటుకను మేము కట్టియుంటే మిగిలిన ఆరింటి లోపమును ఆ ఆదివారము సాయంకాలమే తెలిసికొనియుందుము. "రేపు" అను మాట సేవకుని నోట వచ్చినను అది రేపే.

ముగింపు

2019 డిసెంబరులో నక్షత్రము ఎక్కించిన సాయంకాలము మొదటి మీట నొక్కుటకు పిన్నిగారిని పిలిచాము. ఆమె మెట్లు ఎక్కి వచ్చి, మీట దగ్గర చేయి చాచి, మరల వెనుకకు తీసికొని, "షాకు కొట్టదు గదా అయ్యగారూ?" అన్నారు. అరచేతిలో మచ్చ ఇంకను కనబడుచుండెను.

మేము డాబా మీదికి వెళ్ళి, దీపపు వైరును మా చేతితో పట్టుకొని నిలువబడి, "ఇప్పుడు నొక్కండి పిన్నిగారూ" అన్నాము. నొక్కారు. దీపము వెలిగినది, నక్షత్రము తిరిగినది. మాకేమియు కాలేదు.

బాబాయిగారు పైకి రాలేదు. వారి అరుగు మీదనే కూర్చున్నారు. అయితే రాత్రి పది కాగానే క్రిందనుండి కేక వినబడినది. "అయ్యగారూ, పదయింది. ఆపండి!" ఆపివేశాము. ఆ పండుగ దినములన్నియు ఆ కేకయే మా ఇంటి గడియారము. ఇప్పుడు మేము వేరొక సంఘములో ఉన్నాము. డిసెంబరు వచ్చునప్పటికి పిన్నిగారి యొద్దనుండి ఫోను వచ్చును. "చుక్క ఎక్కించారండీ. పదింటికి మీ బాబాయిగారే ఆపిస్తున్నారు" అని చెప్పుదురు.

ప్రియమైన తలిదండ్రులారా, మీ పిల్లలు నక్షత్రము త్రిప్పుదమని అడిగినప్పుడు వద్దనకుడి. వారితో కలసి కూర్చుండుడి. కాని మొదటి వెదురు బద్ద చీల్చకముందే ఒక ప్రశ్న అడుగుడి. "ఇది మన పొరుగింటివారి మీద పడితే ఎట్లు?" ఆ ప్రశ్నయే మొదటి ఇటుక.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. మన ఇంటిలో, పొలములో, బోరు మోటారు దగ్గర పిట్టగోడ లేని చోటు ఏది? దానిని ఈ వారమే ఎవరు చూతురు?

2. మన ఇంటిలో చిన్నవారు చెప్పిన ఏ హెచ్చరికను "రేపు చూద్దాం" అని త్రోసివేశాము?

3. మన పండుగ వలన మన పొరుగువారికి కలుగుచున్నది సంతోషమా, భారమా? వారిని ఎన్నడైన అడిగామా?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా ఇంటిమీద నీవు ఉంచిన వెలుగు కొరకు స్తోత్రము. మా చేతిపనిలో మా పొరుగువాని ప్రాణమును తలంచు ప్రేమను మాకు దయచేయుము. మా నిర్లక్ష్యము వలన ఎవరును పడిపోకుండ మాకు ముందుచూపు నిమ్ము. మేము తిరుగుచున్నను మా మధ్య నీ కుమారుడు నిలిచియుండు కృప నిమ్మని, ఆయన నామమున అడుగుచున్నాము. ఆమేన్.